ఎలక్ట్రానిక్ సిగరెట్ బ్యాటరీ మూత గరుకుగా తిరుగుతుంటే మరచుట్లను సరిచేసుకునే పద్ధతి

లోహపు గొట్టంతో తయారైన ఎలక్ట్రానిక్ సిగరెట్‌లో బ్యాటరీ మూత నున్నగా తిరగకుండా గరగరమంటుంటే, చాలామంది దాన్ని చిన్న ఇబ్బందిగా భావించి, మరికొంత బలం పెట్టి బిగించి ఊరుకుంటారు. అలా చేయకూడదు. లోపల సర్క్యూట్ బోర్డు లేకుండా కేవలం మెకానికల్ పద్ధతిలో పనిచేసే గొట్టపు పరికరాల్లో ఆ మరచుట్లు మూతను పట్టి ఉంచడంతో పాటు, సెల్ (లోపలి బ్యాటరీ) నుంచి వచ్చే కరెంటు మొత్తాన్నీ మోస్తాయి. చుట్ల మధ్య మురికి, చిలుము, నలిగిన లోహం చేరితే అక్కడ నిరోధం పెరుగుతుంది. 20 ఆంపియర్ల కరెంటు పారే దారిలో 0.01 ఓమ్ నిరోధం అదనంగా చేరినా అక్కడే 0.2 వోల్టులు తగ్గిపోతాయి, 4 వాట్ల శక్తి మూత దగ్గరే వేడిగా మారుతుంది. నిండుగా ఛార్జ్ అయిన లిథియం అయాన్ సెల్ ఇచ్చేదే 4.2 వోల్టులు కాబట్టి ఈ నష్టం చిన్నది కాదు.

గరుకుదనానికి ఎక్కువ సందర్భాల్లో కారణం లోహం చెడిపోవడం కాదు, గాడుల్లో ఇరుక్కున్న మురికి, లేదా తయారీలో మిగిలిపోయిన రజను. అందువల్ల ముందు శుభ్రం చేయాలి, తరువాత పరీక్షించాలి, లోహాన్ని ఆకురాయితో తాకడం చిట్టచివరి పనిగా ఉంచుకోవాలి. ఈ వరుసను తిరగేసి ముందే ఆకురాయి పట్టినవారు కడిగితే పోయే మురికి కోసం మంచి చుట్లను పాడుచేసుకుంటారు. అరగదీసిన లోహాన్ని తిరిగి అతికించే మార్గం లేదు.

ముందుగా సెల్‌ను బయటికి తీయండి

పని మొదలుపెట్టే ముందు బటన్‌కు లాక్ రింగు ఉంటే దాన్ని లాక్ చేసి, మూత విప్పి, సెల్‌ను తీసి ప్లాస్టిక్ పెట్టెలో విడిగా పెట్టండి. తాళంచెవులు, నాణేలు, పనిముట్లు ఉన్నచోట సెల్‌ను ఉంచకూడదు. పై భాగంలోని అటామైజర్‌ను, అంటే ద్రవాన్ని వేడిచేసి ఆవిరిగా మార్చే భాగాన్ని కూడా విప్పి పక్కన నిలబెట్టండి. సెల్ లోపల ఉండగా చుట్లను రుద్దడం, నూనె వేయడం, మూతను పదేపదే తిప్పి చూడడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. మూత చివరిదాకా బిగిసిన క్షణంలో సర్క్యూట్ పూర్తయ్యే అవకాశం ఉంది. పైగా రాలిన రజను సెల్ ధన ధ్రువానికీ దాని చుట్టూ ఉన్న అంచుకూ మధ్య పడితే నేరుగా షార్ట్ సర్క్యూట్ అవుతుంది.

సెల్ లోపల ఉండగానే మూత బిగుసుకుపోయి రాకపోతే తొందరపడకండి. పటకారుతో గొట్టాన్ని గట్టిగా నొక్కితే అది గుండ్రదనం కోల్పోతుంది, చుట్లు మరింత పట్టేస్తాయి, లోపలి సెల్ కూడా నలిగే ప్రమాదం ఉంది. రెండు చేతులకూ రబ్బరు తొడుగులు వేసుకుని, లేదా మూతకు వెడల్పాటి రబ్బరు బ్యాండు చుట్టి, గొట్టాన్ని నిటారుగా పట్టుకుని నెమ్మదిగా తిప్పండి. వేడి చేస్తే మూత వ్యాకోచించి వదులవుతుందన్న సలహా ఖాళీ గొట్టానికి పనికిరావచ్చు గానీ, లోపల లిథియం సెల్ ఉన్నప్పుడు దాన్ని అసలు తలపెట్టవద్దు. పరికరం తనంతట తానే వేడెక్కుతున్నా, బుసకొట్టే శబ్దం వస్తున్నా, తియ్యటి ఘాటు వాసన తగిలినా దాన్ని విప్పే ప్రయత్నం మానేసి, ఆరుబయట మంట అంటుకోని చోట ఉంచి దూరంగా జరగండి.

గరుకుదనం ఎలాంటిదో గుర్తించండి

ఖాళీ గొట్టానికి మూతను వేళ్ల కొసలతో మాత్రమే తిప్పి చూడండి. మొదట అపసవ్య దిశలో నెమ్మదిగా తిప్పుతూ పోతే ఒకచోట మూత చిన్నగా కిందికి దిగినట్టు తెలుస్తుంది. గొట్టం చుట్టు మొదలూ మూత చుట్టు మొదలూ కలిసే చోటు అదే. అక్కడి నుంచి సవ్య దిశలో తిప్పితే చుట్లు సరిగ్గా ఒకదానిలో ఒకటి కూర్చుంటాయి. పాడైపోయాయని పక్కన పడేసిన మూతల్లో కొన్ని నిజానికి పాడైనవి కావు, వాటిని అడ్డదిడ్డంగా మొదలుపెట్టి బిగించారంతే. ఈ ఒక్క అలవాటుతో ఆ ఇబ్బంది తొలగిపోతుంది.

సరిగ్గా మొదలుపెట్టినా గరుకుగానే ఉంటే దాని తీరును గమనించాలి. మొదటి నుంచి చివరిదాకా ఇసుక నలిగినట్టు ఒకే తీరుగా ఉంటే అది మురికి లేదా రజను. ప్రతి చుట్టులోనూ ఒకే చోట తగులుతూ ఉంటే అక్కడ గట్టు నలిగిందని, లేదా లోహపు ముల్లు లేచిందని అర్థం. మొదటి అరచుట్టులోనే పట్టేసి ఆపైన నున్నగా వెళ్తుంటే మొదటి చుట్టు పలచని అంచు వంగి ఉంటుంది. పోనుపోను బిగుతు పెరుగుతూ ఉంటే గొట్టం అంచు కింద పడి సొట్టపోయి ఉండవచ్చు, లేదా రెండు భాగాల చుట్లూ ఒకే కొలతవి కాకపోవచ్చు. ఇసుకలాంటి గరుకు లేకుండా కీచుమని శబ్దం చేస్తూ బిగుసుకుంటుంటే అక్కడ కొరవడింది కందెన మాత్రమే.

తరువాత మంచి వెలుతురులో భూతద్దంతో చుట్లను చూడండి. గాడుల్లో నల్లని జిగురు ఉంటే అది అరిగిన లోహపు పొడి, పాత నూనె, దుమ్ము కలిసి ముద్దయిన పదార్థం. ఇత్తడి మీదా రాగి మీదా గోధుమరంగు పొర లేదా పచ్చని చిలుము కనిపించవచ్చు. చుట్టూ మసకబారి ఉన్నా ఒకేచోట తళతళలాడే మచ్చ ఉంటే అక్కడే లోహం లోహాన్ని గీరుతోందని తెలుసుకోండి.

శుభ్రం చేయడం

మీ పరికరంలో తెర, ఛార్జింగ్ రంధ్రం, సర్క్యూట్ బోర్డు వంటివి ఉంటే గొట్టాన్ని నీటిలో ముంచకూడదు. అలాంటి వాటికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కొద్దిగా తడిపిన గుడ్డ, బ్రష్ మాత్రమే వాడి, గొట్టం నోరు కిందికి వంచి పట్టుకుని తుడవాలి. ఇక కింద చెప్పబోయే కడగడం పూర్తిగా మెకానికల్ పరికరాలకే వర్తిస్తుంది.

మూతలోని బటన్, స్ప్రింగు లేదా అయస్కాంతాలు, ఇన్సులేటర్ ముక్క, రబ్బరు రింగు విడదీయగలిగేవైతే ఒక తెల్లని గుడ్డ మీద విప్పి వరుసగా పెట్టండి. ప్రతి దశలోనూ ఫోన్‌తో ఫొటో తీసుకుంటే తిరిగి బిగించేటప్పుడు సందేహం ఉండదు. ఇన్సులేటర్ ఎటువైపు ఉందో ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే బటన్ నొక్కకుండానే కరెంటు పారకుండా ఆపేది ఆ చిన్న ముక్కే. అయస్కాంతాలున్న మూతల్లో ఉక్కు రజను వాటికి అంటుకుని దాక్కుంటుంది కాబట్టి వాటిని మైనంలాంటి మెత్తని జిగురు ముద్దతోనో అతుకు టేపుతోనో అద్ది తీయాలి. ఇత్తడి, రాగి, అల్యూమినియం రజను అయస్కాంతానికి అంటుకోదు కనుక అయస్కాంతం శుభ్రంగా కనిపించినంత మాత్రాన గాడులు శుభ్రంగా ఉన్నట్టు కాదు.

అటామైజర్ నుంచి కారే ద్రవంలో ప్రధానంగా ఉండే ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్ రెండూ నీటిలో కరుగుతాయి. అందువల్ల గోరువెచ్చని నీరు, గిన్నెలు తోమే ద్రవ సబ్బు ఈ పనికి చాలు. ఆ ద్రవంలో నికోటిన్ ఉంటే అది చర్మం గుండా ఒంట్లోకి వెళ్తుంది కాబట్టి చేతి తొడుగులు వేసుకోండి. పాత టూత్‌బ్రష్‌ను గాడులకు అడ్డంగా కాకుండా గాడుల వెంబడే తిప్పుతూ రుద్దండి. అడ్డంగా రుద్దితే మురికి ఒక గాడి నుంచి పక్క గాడిలోకి చేరుతుందే తప్ప బయటికి రాదు. గొట్టం లోపలి చుట్లను రుద్దేటప్పుడు నోరు కిందికి ఉండాలి, లేకపోతే మురికి గొట్టం లోతుకు జారుతుంది.

బ్రష్‌కు రాని జిగురు కోసం చెక్క పుల్లను చుట్టు ఆకారానికి సరిపోయేలా సన్నగా చెక్కి, దాని మొనను గాడిలో ఆనించి, పుల్లను కదపకుండా గొట్టాన్ని తిప్పండి. బయటి చుట్లకైతే దళసరి నూలు దారాన్ని గాడిలో ఒక చుట్టు చుట్టి రెండు కొసలూ పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగితే, దూది పుల్లలతో ఎంతసేపు తుడిచినా రాని నల్లదనం దారానికి అంటుకుని వచ్చేస్తుంది. దూది పుల్లల నూగు చుట్లలో ఇరుక్కుని కొత్త గరుకును తెస్తుంది కూడా. ఇనుప పీచును ఈ పనికి వాడకూడదు. దాని నుంచి ఊడే సన్నని తీగలు కంటికి ఆనకుండా ఇన్సులేటర్ పక్కన చేరి షార్ట్‌కు కారణం కాగలవు.

ఇత్తడి, రాగి మీది చిలుముకు నిమ్మరసంలో చిటికెడు ఉప్పు కలిపి కొద్ది నిమిషాలు పట్టించి, రంగు తేరుకోగానే ధారాళంగా నీళ్లతో కడిగేయండి. అదే మిశ్రమాన్ని అల్యూమినియం మీద వాడితే అది లోహాన్ని తినేస్తుంది. బంగారు, వెండి పూత ఉన్న చుట్లను పాలిష్‌తో రుద్దితే పూత పోతుంది. అమ్మోనియా ఉన్న ద్రవాలు ఇత్తడిలో సన్నని పగుళ్లకు దారితీస్తాయి, బ్లీచింగ్ ద్రవం స్టెయిన్‌లెస్ స్టీలును కూడా గుంటలు పడేలా తింటుంది. కాబట్టి ఈ రెండింటినీ పరికరం దగ్గరికి రానివ్వకండి.

కడిగిన భాగాలను తుడిచి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో చివరిసారి తడిపి, గాలికి పూర్తిగా ఆరనివ్వండి. ఆల్కహాల్ ఆవిరికి సులభంగా నిప్పంటుకుంటుంది కనుక దగ్గరలో మంట ఉండకూడదు, గదిలో గాలి ఆడాలి.

ఇంకా తగులుతుంటే ఆ చోటు కనిపెట్టండి

ఆరిన మూతను మళ్లీ తిప్పి చూసే ముందు లోహం ఏమిటో తెలుసుకోవాలి. స్టెయిన్‌లెస్ స్టీలు మీద స్టెయిన్‌లెస్ స్టీలు, అల్యూమినియం మీద అల్యూమినియం పొడిగా రాసుకున్నప్పుడు ఒకదాని ఉపరితలం మరొకదానికి అతుక్కుని చీరుకుపోయే స్వభావం ఉంటుంది. అలా ఒకసారి మొదలైతే ప్రతి తిప్పుకూ నష్టం పెరిగి చివరికి మూత కదలకుండా బిగిసిపోతుంది. కాబట్టి ఈ జతలను పొడిగా పరీక్షించవద్దు, ఒక చుక్క సన్నని మెషిన్ ఆయిల్ వేసే తిప్పండి. ఇత్తడి మూత ఉక్కు గొట్టం మీద ఇంత మొండికేయదు, వేర్వేరు లోహాలు కావడం అక్కడ మేలు చేస్తుంది.

ఒకేచోట తగులుతున్న సందర్భంలో బయటి చుట్ల మీద మార్కర్ పెన్నుతో చుట్టూ రంగు వేసి ఆరనివ్వండి. మూతను గరుకు తగిలే చోటుదాకా తిప్పి, బలం పెట్టకుండా వెనక్కి విప్పండి. చుట్ల పక్కల రంగు పలచగా, సమంగా చెరిగితే భయపడవలసింది లేదు. ఒక బిందువు దగ్గర మాత్రమే లోహం మెరిసేలా రంగు లేచిపోతే, సరిచేయవలసింది ఆ బిందువునే, మిగతా చుట్లను ముట్టుకోవలసిన పని లేదు. ఇంత సులువైన పరీక్షను దాటవేసి నేరుగా చుట్లన్నింటినీ రుద్దడం మొదలుపెట్టేవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. సమస్య ఒకచోట ఉంటే వారు మూత పట్టునంతా వదులు చేసుకుంటారు.

ఆ చోట ఉన్నది సన్నని ముల్లు మాత్రమే అయితే ఇత్తడి తీగల చిన్న బ్రష్‌తో గాడి వెంబడి కొన్నిసార్లు రుద్దితే రాలిపోతుంది. స్టీలుకు ఇది బాగా పనికొస్తుంది. అల్యూమినియానికి గట్టి నైలాన్ బ్రష్ మేలు. నలిగిన గట్టును మాత్రం సూది ఆకురాయి అంచుతో తాకాలి. ఆకురాయిని గాడి కోణానికి సమాంతరంగా పట్టుకుని, ఒకే దిశలో ఒకటి రెండుసార్లు తేలికగా నడిపి, తుడిచి, మళ్లీ రంగు వేసి పరీక్షించండి. లేచిన లోహాన్ని దించడమే పని, గాడిని లోతు చేయడం కాదు. మొదటి చుట్టు పలచని అంచు వంగి ఉంటే దాన్ని తిరిగి నిలబెట్టే ప్రయత్నం వద్దు. నాణ్యంగా చేసే తయారీదారులు ఆ కత్తి అంచును మొదటే కోసి మొద్దుగా ఉంచుతారు. మీరు కూడా ఆ వంగిన కొసను మాత్రం కొద్దిగా ఏటవాలుగా అరగదీసి, చుట్టు పూర్తి ఎత్తుకు చేరే చోట ఆగిపోవాలి.

గొట్టం మూతి సొట్టపోయి గుండ్రదనం తప్పితే దాన్ని ఇంట్లో సుత్తితో సరిచేయలేము. అడ్డంగా బిగించడం వల్ల రెండు మూడు చుట్లు తెగిన గొట్టాన్ని లేత్ మీద పనిచేసే టర్నర్‌కు చూపించండి. ఇలాంటి మూతల చుట్లు చాలా సన్నటి పిచ్‌తో (పక్కపక్క చుట్ల మధ్య దూరంతో) ఉంటాయి, తయారీదారు తనకు నచ్చిన కొలతలో కోసుకోవడం కూడా మామూలే. వెర్నియర్‌తో వ్యాసాన్నీ, పిచ్ గేజ్‌తో చుట్ల మధ్య దూరాన్నీ కొలవకుండా, కొలత దగ్గరగా ఉందనిపించిన ట్యాపును (లోపలి చుట్లు కోసే పనిముట్టును) గొట్టంలోకి తిప్పితే పాత చుట్లకు అడ్డంగా కొత్త చుట్లు పడి గొట్టం పూర్తిగా పనికిరాకుండా పోతుంది.

మురికి లేదు, ముల్లు లేదు, అయినా చివరిదాకా ఒకే తీరుగా గరుకు ఉందంటే కోత సరిగా నున్నగా రాలేదన్నమాట. ఇత్తడి, స్టీలు భాగాల్లో దీనికి లోహపు పాలిష్ పేస్టును కొద్దిగా పూసి, మూతను సగం దాకా తిప్పుతూ విప్పుతూ చుట్లను ఒకదానితో ఒకటి నునుపు చేసుకోవచ్చు. ఇంజన్ వాల్వులకు వాడే ముతక గ్రైండింగ్ పేస్టు మాత్రం వద్దు. అందులోని గట్టి రేణువులు మెత్తని ఇత్తడిలో దిగబడి ఎంత కడిగినా వదలకుండా ఆ తరువాత కూడా ఎదుటి చుట్లను తింటూనే ఉంటాయి. ఆనొడైజ్ చేసిన, అంటే పైన గట్టి ఆక్సైడ్ పొర ఏర్పరచిన రంగు అల్యూమినియం మీద ఏ పేస్టూ వాడకూడదు, ఎందుకంటే ఆ గట్టి పొర లేచిపోతే కింద ఉన్న మెత్తని లోహం ఇంకా త్వరగా పట్టేస్తుంది. ఆ పొరకు విద్యుత్తును అడ్డుకునే గుణం ఉంది కాబట్టి తయారీదారు ఎక్కడ పొరను ఉంచాడో, ఎక్కడ తీసేశాడో దానికొక లెక్క ఉంటుంది. పాలిష్ చేసినా, ఆకురాయి వాడినా ఆ తరువాత శుభ్రం చేసే పనంతా మొదటి నుంచీ మళ్లీ చేయాలి. నల్లని గుడ్డ మీద గొట్టాన్ని తట్టినప్పుడు మెరిసే పొడి ఒక్క రేణువు కూడా రాలకూడదు.

కందెన వేయడం

చుట్లకు గ్రీజు పూస్తే కరెంటు పారదేమో అన్న సందేహం సహజమే. మూత బిగిసినప్పుడు లోహపు గట్లు ఒకదానిమీద ఒకటి గట్టిగా నొక్కుకునే చోట్ల గ్రీజు పక్కకు జరిగి లోహానికి లోహం తగులుతుంది. మిగిలిన సందుల్లో ఉండే గ్రీజు గాలిని, తేమను అడ్డుకుని చిలుము పట్టకుండా కాపాడుతుంది. అయితే ఇదంతా పొర పలచగా ఉన్నప్పుడే నిజం. వేలి కొసకు అంటిన మెరుపంత గ్రీజును బయటి చుట్ల మీద పూసి, మూతను పూర్తిగా బిగించి విప్పి, పైకి తన్నుకొచ్చినదంతా తుడిచేయండి. ఎక్కువైన గ్రీజు దుమ్మును పట్టుకుని, కొద్ది రోజుల్లోనే మీరు ఇప్పుడు కష్టపడి తీసిన నల్ల ముద్దను మళ్లీ తయారుచేస్తుంది.

వంటనూనెలు గాలికి చిక్కబడి జిగురుగా మారతాయి. తుప్పు వదిలించే పలచని స్ప్రే నూనెలు బిగిసిన మూతను కదిలించడానికి పనికొస్తాయి గానీ నిలకడైన కందెన కావు. మూత వచ్చాక వాటిని కడిగేయాలి. రాగి పొడి, వెండి పొడి కలిసిన విద్యుద్వాహక పేస్టులు, పెన్సిలు ముక్కు పొడి ఈ చోట వాడవద్దని గట్టిగా చెబుతాను. అవి జారి ఇన్సులేటర్ మీద చేరితే బటన్ నొక్కకుండానే కరెంటు పారే దారి ఏర్పడుతుంది. పెన్సిల్లోని గ్రాఫైట్ తేమ సమక్షంలో అల్యూమినియాన్ని తినేలా కూడా చేస్తుంది. రబ్బరు రింగు ఏ రకానిదో తెలియకపోతే కందెన దానికి తగలకుండా చూడండి, కొన్ని రకాల రబ్బరు పెట్రోలియం గ్రీజుకు ఉబ్బిపోతుంది.

ఈ కందెన అడుగున ఉండే బ్యాటరీ మూతకు మాత్రమే. అటామైజర్ బిగించే పై చుట్లకూ, గాలి, ఆవిరి వెళ్లే ఏ దారికీ నూనె గానీ గ్రీజు గానీ తగలకూడదు. వేడికి ఆవిరైన నూనెను పీల్చడం ఊపిరితిత్తులకు ప్రమాదకరం.

తిరిగి బిగించి పరీక్షించడం

భాగాలన్నీ ఫొటోల ప్రకారం కూర్చి, గొట్టానికి వాయువు బయటికి పోవడానికి ఉంచిన రంధ్రాలు గ్రీజుతోనో మురికితోనో మూసుకుపోలేదని చూడండి. సెల్ విఫలమైనప్పుడు లోపలి ఒత్తిడి బయటపడే మార్గం అదే. సెల్ లేకుండా, అటామైజర్ లేకుండా మల్టీమీటర్‌ను కంటిన్యుయిటీలో (కరెంటు పారే దారి ఉంటే బీప్ చేసే అమరికలో) పెట్టి పై భాగంలోని మధ్య పిన్నుకూ గొట్టానికీ తాకించండి. బీప్ వినిపిస్తే ఎక్కడో లోహం తగులుతోందని అర్థం, అది తేలేదాకా సెల్ పెట్టకూడదు. మూతలోని ఇన్సులేటర్ సరిగ్గా కూర్చుందో లేదో కంటితో కూడా చూసి నిర్ధారించుకోండి. చుట్ల నిరోధాన్ని మామూలు మల్టీమీటర్‌తో కొలిచి తృప్తిపడకండి. దాని తీగల నిరోధమే మీరు వెతుకుతున్న విలువకన్నా ఎక్కువగా ఉంటుంది.

సెల్ మీది ప్లాస్టిక్ తొడుగు ఎక్కడైనా చిరిగిందా, ధన ధ్రువం దగ్గరి తెల్లని ఇన్సులేటర్ రింగు ఉందా అని చూశాకే దాన్ని లోపల పెట్టండి. తొడుగు చిరిగిన సెల్ లోహపు గొట్టంలో ఒక్క నిమిషం కూడా ఉండకూడదు, ఎందుకంటే ఆ తొడుగు కింది డబ్బా మొత్తం రుణ ధ్రువమే. మూతను వేళ్లతో ఆగేదాకా తిప్పి వదిలేయండి. ఆపైన బిగించే ప్రతి అంగుళమూ చుట్లను సాగదీస్తుంది. తరువాత అటామైజర్ పెట్టి, బటన్‌ను ఒక్క క్షణం నొక్కి వదిలి, మూతను చేత్తో తాకి చూడండి. అటామైజర్ దగ్గర వెచ్చదనం మామూలే. అడుగున మూత దగ్గర వేడి తగిలితే వెంటనే సెల్ తీసేసి, బటన్ లోపలి కాంటాక్టును, చుట్లను మరోసారి పరిశీలించండి.

ఇంత చేసినా మూతను సగం బిగించి నేరుగా లాగినప్పుడు ఊడి వస్తున్నా, చుట్ల గట్లు చదునైపోయి ఉన్నా, గొట్టం అంచులో పగులు కనిపించినా ఆ భాగానికి మరమ్మతు లేదు. టేపు చుట్టి బిగుతు తేవడం, చుట్లలో రేకు ముక్క పెట్టడం వంటివి చేయకండి. అదే తయారీదారు అమ్మే అదే నమూనా మూత దొరికితే మార్చుకోండి, దొరకకపోతే ఆ గొట్టాన్ని వాడడం మానేయండి.

ఆ తరువాత సెల్ మార్చిన ప్రతిసారీ చుట్ల మీద పొడి గుడ్డ తిప్పి, కందెన నల్లబడినట్టు కనిపించినప్పుడు కడిగి కొత్తది పూస్తే చాలు. తుడిచిన గుడ్డ మీద నల్లదనానికి బదులు ఇత్తడి మెరుపో వెండి మెరుపో కనిపించడం మొదలైతే మాత్రం చుట్లు ఎక్కడో అరుగుతున్నాయి. అప్పుడు మార్కర్ పరీక్షను మళ్లీ చేయండి.